రాజ్యం కూలితే ముందు ఆరేది పేదవాడి పొయ్యి – లైబీరియా నేర్పే పాఠం



ఈ సంచికలో పోటీ పరీక్షలకు పనికివచ్చే ఒక పాఠం రాయడం మాకు అలవాటు. ఈసారి తీసుకున్న అంశం 'దుర్బల రాజ్యాలు'. రాస్తున్న మేము నలుగురం ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్లమే. ఒకరం సబ్ ట్రెజరీ ఆఫీసులో పనిచేస్తున్నాం, ఇద్దరం బడిలో పాఠాలు చెబుతున్నాం, ఒకరం ఇంకా గ్రూప్స్‌కు చదువుతున్నాం. పేరు చూసి "ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి, మనకెందుకు?" అనుకోకండి. ముందు మన వంటగది సంగతి ఒకటి చెబుతాం.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది నాలుగు నెలల పాటు మెస్ బిల్లులు రాలేదు. బియ్యం గోడౌన్ నుంచి వస్తున్నాయి గానీ పప్పు, నూనె, కూరగాయలు బయట కొనాలి. వార్డెన్ గారు సాయంత్రం పూట బజారులో కిరాణా కొట్టుకు వెళ్లి అరువు మీద తెచ్చేవారు. పప్పు పలచబడింది. ఆదివారం గుడ్డు ఆగిపోయింది. కానీ ఒక్క పూట కూడా పొయ్యి వెలగకుండా ఉండలేదు. ఒకరోజు సరుకులు మోయడానికి వెళ్లినప్పుడు, "ఇంత అరువు ఎలా ఇస్తున్నారండీ?" అని షావుకారు గారిని అడిగాం. ఆయన తూకం ఆపకుండానే, "సర్కారు డబ్బు ఆలస్యమవుతుంది బాబూ, ఎగ్గొట్టదు" అన్నారు.

ఆ మాట అప్పుడు మాకు మామూలుగానే అనిపించింది. ఇప్పుడు ఈ పాఠం రాస్తుంటే, పెద్ద పుస్తకాలు చెప్పే విషయం అందులోనే ఉందనిపిస్తోంది. రాజ్యం అంటే ఆ నమ్మకం. ఆ నమ్మకం పోయిన దేశంలో ఏం జరుగుతుంది? పోయినదాన్ని బయటివాళ్లు వచ్చి తిరిగి నిలబెట్టగలరా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడానికి లైబీరియా అనే ఒక చిన్న దేశం కథ చూద్దాం.

దుర్బల రాజ్యం అంటే ఏమిటి?

జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం – ఈ నాలుగూ ఉంటే రాజ్యం అని పౌరశాస్త్రంలో చదువుకున్నాం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ మరొక లక్షణం చెప్పాడు. ఒక భూభాగంలో న్యాయబద్ధంగా బలప్రయోగం చేసే అధికారం ఒక్క రాజ్యానికే ఉండాలి. వీధికొక తుపాకీ ముఠా ఉంటే అక్కడ రాజ్యం లేనట్లే.

ఇంకా తేలిగ్గా చెప్పుకోవాలంటే రాజ్యం మూడు పనులు చేయాలి. ప్రాణానికి భద్రత ఇవ్వాలి. బడి, ఆసుపత్రి, రోడ్డు, నీళ్లు వంటి సేవలు అందించాలి. ఈ ప్రభుత్వం మాది అని ప్రజలు అనుకునేలా నడుచుకోవాలి. ఈ మూడూ సరిగా చేయలేక ఊగిసలాడుతున్నది దుర్బల రాజ్యం. పూర్తిగా చేతులెత్తేసినది విఫల రాజ్యం.

అమెరికాలోని 'ఫండ్ ఫర్ పీస్' సంస్థ 2005 నుంచి ఏటా దేశాల పట్టిక వేస్తోంది. 12 సూచికలు, ఒక్కోదానికి 10 మార్కులు, మొత్తం 120. మన పరీక్షలకు తలకిందులుగా, ఇక్కడ మార్కులు ఎక్కువ వచ్చినకొద్దీ ప్రమాదం. మొదట దీని పేరు 'విఫల రాజ్యాల సూచిక'. "విఫలం" అని ముద్ర వేయడం తగదన్న విమర్శలు రావడంతో 2014లో 'దుర్బల రాజ్యాల సూచిక'గా మార్చారు. ఇలాంటి దేశాలు కొన్ని 2010లో 'జీ7 ప్లస్' పేరుతో తామే ఒక బృందంగా ఏర్పడ్డాయి. సాయం చేసేవాళ్లు తమ దేశంలో ఏం చేయాలో తామే నిర్ణయిస్తామన్నది వాటి వాదన. లైబీరియా అందులో సభ్యురాలు.

పుట్టుకలోనే పగులు

లైబీరియా పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఉంది. మన గోదావరి జిల్లాల బియ్యం కాకినాడ రేవు నుంచి ఓడలెక్కి వెళ్లేది ఆ పశ్చిమ ఆఫ్రికా దేశాలకే. అక్కడ కూడా ప్రధాన ఆహారం అన్నమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారిని ఆఫ్రికాకు పంపాలని 1816లో అక్కడ ఒక సంఘం ఏర్పడింది. 1822 నుంచి వారు ఈ తీరంలో దిగడం మొదలైంది. 1847 జూలై 26న లైబీరియా స్వతంత్ర గణతంత్రంగా ప్రకటించుకుంది. ఆఫ్రికాలో అదే మొదటి గణతంత్రం. దేశం పేరులోనే స్వేచ్ఛ ఉంది. రాజధాని మన్రోవియాకు అమెరికా అధ్యక్షుడు మన్రో పేరు పెట్టుకున్నారు.

కానీ ఆ స్వేచ్ఛ అందరిదీ కాలేదు. బానిసత్వం బాధ అనుభవించి వచ్చినవారి సంతతే ఇక్కడ పాలకవర్గమైంది. వీరిని అమెరికో లైబీరియన్లు అంటారు. జనాభాలో వారు నూటికి అయిదుగురు మించరు. అప్పటికే ఆ నేల మీద ఉన్న పదహారు తెగల ప్రజలకు 1904 దాకా పౌరసత్వమే లేదు. ఓటు 1940లలో గానీ రాలేదు. అదీ ఆస్తి ఉండాలి, గుడిసె పన్ను కట్టాలి అనే షరతులతో. 1878 నుంచి 1980 వరకు ఒక్క ట్రూ విగ్ పార్టీయే ఏలింది. నూరేళ్లు దాటిన ఏకపార్టీ పాలన అన్నమాట.

తీరంలో బడులు, కోర్టులు, భవనాలు వచ్చాయి. లోపలి అడవి ప్రాంతాల వారికి మాత్రం ప్రభుత్వం అంటే పన్ను వసూలుకు వచ్చే మనిషి, వెట్టికి పట్టుకుపోయే సిపాయి. 1926లో ఫైర్‌స్టోన్ అనే అమెరికా రబ్బరు కంపెనీకి పది లక్షల ఎకరాల దాకా తీసుకునే హక్కును ఎకరాకు ఆరు సెంట్ల కౌలు మీద 99 ఏళ్లకు రాసిచ్చారు. గ్రామాల మనుషులను బలవంతంగా ఫెర్నాండో పో దీవి తోటలకు కూలీలుగా పంపుతున్నారని ఆరోపణలు వస్తే నానాజాతి సమితి విచారణ జరిపించింది. ఆ నివేదిక దెబ్బకు 1930లో అధ్యక్షుడు చార్లెస్ కింగ్, ఉపాధ్యక్షుడు ఇద్దరూ రాజీనామా చేశారు.

చూడండి, బయటికి ఆ దేశం గట్టిగానే కనిపించింది. జెండా ఉంది, రాజ్యాంగం ఉంది, నానాజాతి సమితిలో, తరువాత ఐక్యరాజ్య సమితిలో వ్యవస్థాపక సభ్యత్వం ఉంది. లోపల మాత్రం ఊరు ఒకటి, వాడ ఒకటి. ఆ పగులును ఎవరూ పూడ్చలేదు.

బియ్యం బస్తా నుంచి తుపాకీ దాకా

1979లో టాల్బర్ట్ ప్రభుత్వం వంద పౌన్ల బియ్యం బస్తా ధర 22 డాలర్ల నుంచి 26 డాలర్లకు పెంచాలని ప్రతిపాదించింది. స్వదేశంలో పండించేవారికి ప్రోత్సాహం అని చెప్పింది. అధ్యక్షుడి కుటుంబానికే పెద్ద వరి పొలాలున్నాయి, లాభం వారికేనని జనం అనుకున్నారు. ఏప్రిల్ 14న మన్రోవియా వీధుల్లోకి వేలమంది వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు.

నాలుగు డాలర్ల కోసం రాజ్యం కూలుతుందా? కూలదు. నూరేళ్లుగా పేరుకున్నదానికి ఆ నాలుగు డాలర్లు అగ్గిపుల్ల అయ్యాయి. దాదాపు ఏడాదికి, 1980 ఏప్రిల్ 12న శామ్యూల్ డో అనే మాస్టర్ సార్జెంట్ కొద్దిమంది సైనికులతో అధ్యక్ష భవనంలో చొరబడ్డాడు. టాల్బర్ట్‌ను చంపేశారు. పది రోజుల తరువాత 13 మంది మంత్రులను, పెద్ద అధికారులను సముద్రపు ఒడ్డున నిలబెట్టి కాల్చారు. స్థానిక తెగల నుంచి వచ్చిన మొదటి పాలకుడని జనం సంబరపడ్డారు. సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. డో తన క్రాన్ తెగవారితో సైన్యాన్ని నింపుకున్నాడు. 1985 ఎన్నికలను తారుమారు చేశాడు. ఆ ఏడాదే తిరుగుబాటు ప్రయత్నం జరిగితే నింబా ప్రాంతంలోని గియో, మానో తెగల మీద పగ తీర్చుకున్నాడు. పైన కూర్చున్న కులీనులు మారారు గానీ కొందరికే రాజ్యం అన్న పద్ధతి మారలేదు.

1989 డిసెంబర్ 24న చార్లెస్ టేలర్ తన దళంతో అదే నింబాలోకి ప్రవేశించాడు. గాయపడిన పల్లెలు అతని వెనుక నడిచాయి. 1990లో డో మరొక ముఠా చేతికి చిక్కి చనిపోయాడు. ఆ తరువాత ముఠాలు, వాటిలో చీలికలు, చీలికల్లో చీలికలు. వజ్రాలు, కలప, రబ్బరు ఎవరి చేతిలో ఉంటే వారిదే రాజ్యం. మనకంటే చిన్న పిల్లల భుజాలకు తుపాకులు తగిలించారు. 1997లో ఎన్నికలు పెడితే టేలర్ సుమారు 75 శాతం ఓట్లతో గెలిచాడు. ఓడిపోతే మళ్లీ యుద్ధం చేస్తాడన్న భయంతోనే చాలామంది అతనికి ఓటేశారని చెబుతారు. 1999లో యుద్ధం మళ్లీ మొదలై 2003 దాకా సాగింది. రెండు యుద్ధాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల మంది చనిపోయారని అంచనా. అప్పటి జనాభా ముప్పై లక్షల చుట్టూ మాత్రమే.

బడులు మూతపడ్డాయి. మౌంట్ కాఫీ జల విద్యుత్ కేంద్రం ధ్వంసమై రాజధాని చీకట్లో మునిగింది. ఉద్యోగులకు జీతాలు లేవు. షావుకారు అరువిస్తే తీర్చే సర్కారు లేదు. ఉన్నవాళ్లు విమానం ఎక్కి వెళ్లిపోయారు. లేనివాళ్లు పొరుగు దేశాల శిబిరాలకు నడిచి వెళ్లారు.

బయటి ప్రపంచం ఏం చేసింది?

పరీక్షకు చదివేవారు ఈ భాగాన్ని మెట్లు మెట్లుగా గుర్తుపెట్టుకోవాలి.

1. పొరుగువారి సైన్యం: 1990 ఆగస్టులో పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక కూటమి 'ఎకోవాస్', నైజీరియా నాయకత్వంలో 'ఎకోమోగ్' అనే దళాన్ని పంపింది. ఒక ప్రాంతీయ కూటమి తానే శాంతి దళం పంపడం అప్పట్లో కొత్త ప్రయోగం. మన్రోవియా పూర్తిగా నాశనం కాకుండా అది ఆపగలిగింది. కానీ కొన్ని ముఠాలతో చేతులు కలిపిందని, సైనికులు దోపిడీకి దిగారని చెడ్డపేరు కూడా తెచ్చుకుంది.

2. ఆంక్షలు: టేలర్ పొరుగునున్న సియెర్రా లియోన్ తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చి వజ్రాలు తీసుకునేవాడు. భద్రతా మండలి 2001లో లైబీరియా వజ్రాల మీద, 2003లో కలప మీద నిషేధం పెట్టింది. యుద్ధానికి వచ్చే డబ్బు దారి మూయడమే దీని ఉద్దేశం. ప్రభుత్వం మారాక 2006, 2007 సంవత్సరాల్లో వీటిని ఎత్తేశారు.

3. శాంతి ఒప్పందం: 2003 జూన్‌లో ఘనాలో చర్చలు మొదలయ్యాయి. వాటిని ఒక కొలిక్కి తెచ్చినవారిలో తుపాకీ లేని స్త్రీలున్నారు. లేమా బోవీ నాయకత్వంలో క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని మన్రోవియా చేపల బజారు దగ్గర ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చున్నారు. చర్చలు సాగదీస్తుంటే అక్రా నగరంలో సమావేశ మందిరం తలుపులకు అడ్డంగా కూర్చుని నాయకులను బయటికి రానివ్వలేదు. ఆగస్టు 11న టేలర్ దేశం వదిలాడు. 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సియెర్రా లియోన్‌లో జరిగిన నేరాలకు తోడ్పడినందుకు ప్రత్యేక న్యాయస్థానం 2012లో టేలర్‌కు 50 ఏళ్ల జైలు విధించింది.

4. శాంతి దళం, నిరాయుధీకరణ: 2003 సెప్టెంబర్ 19న భద్రతా మండలి 1509వ తీర్మానంతో 15,000 మంది సైనికుల దళాన్ని మంజూరు చేసింది. దాని పేరు 'అన్‌మిల్'. డిసెంబర్‌లో ఆయుధాలు అప్పగించమని పిలిస్తే, ఊహించినదానికంటే ఎన్నో రెట్ల మంది వచ్చి గొడవైంది. ఆపి, సరిగా ఏర్పాట్లు చేసుకుని 2004 ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టారు. చివరకు లక్ష మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. చేతికి వచ్చిన తుపాకులు మాత్రం సుమారు 28 వేలే.

5. పోలీసు, సైన్యం: పాత సైన్యాన్ని పూర్తిగా రద్దు చేసి, కొత్తగా సుమారు రెండు వేల మందితో చిన్న సైన్యం కట్టారు. అభ్యర్థుల ఫొటోలు జనంలో పెట్టి, వీళ్లు యుద్ధంలో ఎవరికైనా అన్యాయం చేశారా అని అడిగారు. ఇక్కడ మన దేశం పేరు గర్వంగా చెప్పుకోవాలి. 2007లో భారతదేశం వంద మందికి పైగా మహిళా పోలీసులతో ఒక దళాన్ని పంపింది. ఐక్యరాజ్య సమితి చరిత్రలో పూర్తిగా స్త్రీలతో ఏర్పడిన మొదటి పోలీసు దళం అదే. రాత్రి గస్తీ తిరిగారు, అధ్యక్ష కార్యాలయానికి కాపలా కాశారు. వారిని చూసి లైబీరియా ఆడపిల్లలు పోలీసు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టారు. ఏడాదికొక బృందం మారుతూ 2016 ఫిబ్రవరి వరకు మనవాళ్లు అక్కడున్నారు. అయితే ఐక్యరాజ్య సమితి సిబ్బందిలో కొందరు సాయం కోసం వచ్చిన స్త్రీలను, బాలికలను లైంగికంగా దోచుకున్నారన్న ఆరోపణలు కూడా ఉన్నాయి. సాయానికి వెళ్లినవారి మీద కూడా నిఘా ఉండాలన్నది ఈ పాఠంలో భాగమే.

6. ఖజానా తాళం: మాలో ట్రెజరీలో పనిచేసేవారికి బాగా నచ్చిన మెట్టు ఇది. యుద్ధం ఆగాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వంలో కూడా దోపిడీ ఆగలేదు. దాంతో 2005 సెప్టెంబర్‌లో 'గెమాప్' అనే ఒప్పందం కుదిరింది. కేంద్ర బ్యాంకు, రేవు, విమానాశ్రయం, అటవీ సంస్థ వంటి డబ్బు కదిలే చోట్ల విదేశీ నిపుణులను కూర్చోబెట్టారు. లైబీరియా అధికారి ఒక్కరు సంతకం పెడితే చెల్లదు. నిపుణుడి రెండో సంతకం కూడా ఉంటేనే డబ్బు కదులుతుంది. "స్వతంత్ర దేశం ఖజానాకు పరాయివాడి తాళమా?" అని చాలామంది ఆగ్రహించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆదాయం పెరిగింది, జీతాల పట్టికల్లోని ఉత్తుత్తి పేర్లు ఏరివేశారు, మనుషులకు శిక్షణ దొరికింది. 2010లో ఆ ఏర్పాటును ముగించారు.

7. అప్పుల మాఫీ: 2005 ఎన్నికల్లో గెలిచి 2006 జనవరిలో అధ్యక్షురాలైన ఎలెన్ జాన్సన్ సర్‌లీఫ్, ఆఫ్రికాలో దేశాధినేతగా ఎన్నికైన మొదటి మహిళ. ఆమె వచ్చేనాటికి దేశం మొత్తం బడ్జెట్ ఏడాదికి సుమారు 8 కోట్ల డాలర్లు. నెత్తిమీద అప్పు 450 కోట్ల డాలర్ల పైమాటే. 2010 జూన్‌లో 460 కోట్ల డాలర్ల మేరకు అప్పు రద్దయింది. అంతకుముందు 2006 జూలై 26న, స్వాతంత్ర్య దినం నాడు, మన్రోవియాలో కొన్ని వీధుల్లో దీపాలు వెలిగాయి. అప్పటికి పదిహేనేళ్ల వయసున్న పిల్లలు అక్కడ వీధి దీపం చూడడం అదే మొదలు.

ఎబోలా పెట్టిన పరీక్ష

అంతా బాగుపడింది అనుకుంటుండగా 2014లో ఎబోలా వచ్చింది. లైబీరియాలో 10,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 4,800 మందికి పైగా చనిపోయారు. డాక్టర్లు తక్కువ, గ్లవ్స్ కూడా లేవు. కానీ అన్నిటికంటే పెద్ద కొరత నమ్మకం. "ఎబోలా లేదు గిబోలా లేదు, విదేశాల డబ్బు కోసం సర్కారు ఆడే నాటకం" అనుకున్నవారు చాలామంది ఉన్నారు. నూటయాభై ఏళ్లు మోసపోయినవారు అలా అనుకోవడంలో వింత ఏముంది?

ఆగస్టులో మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ అనే మురికివాడను ప్రభుత్వం సైన్యంతో చుట్టుముట్టి దిగ్బంధం చేసింది. వేలాది కుటుంబాలకు బయటికి దారి లేదు, సరుకు లోపలికి రాదు. జనం తిరగబడ్డారు. కాల్పుల్లో గాయపడి ఒక పదిహేనేళ్ల బాలుడు చనిపోయాడు. పది రోజుల్లో దిగ్బంధం ఎత్తేశారు.

తరువాత దారి మార్చారు. వాడ పెద్దలను, మత పెద్దలను, యువకులను పిలిచి మాట్లాడారు. వారే ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఎవరికుందో చూశారు, శవాన్ని తాకకుండా ఎలా సాగనంపాలో తమవారికి తామే చెప్పారు. ఏడాది చివరికి జబ్బు వేగంగా తగ్గింది. బయటి నుంచి వచ్చిన డాక్టర్లు, డబ్బు, పరీక్షశాలలు ఎంతో మేలు చేశాయి. కానీ విదేశీ సైనికులు కట్టిన చికిత్సా కేంద్రాల్లో కొన్ని పూర్తయ్యేనాటికి రోగులే లేరు. వాడ మనిషి మాట ముందు నడిచింది, కాంక్రీటు వెనుక వచ్చింది.

నిలబడిందా?

2018 జనవరిలో సర్‌లీఫ్ పదవి దిగి, ఎన్నికల్లో గెలిచిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు జార్జ్ వియాకు అధికారం అప్పగించారు. ఎన్నికైన ఒక నాయకుడి నుంచి మరొకరికి శాంతియుతంగా అధికారం మారడం అక్కడ 1944 తరువాత అదే మొదలు. 2018 మార్చి 30న అన్‌మిల్ జెండా దించి వెళ్లిపోయింది. 2023లో వియా అతి స్వల్ప తేడాతో జోసెఫ్ బోకాయ్ చేతిలో ఓడిపోయాడు. తుది లెక్క వెలువడకముందే ఓటమి ఒప్పుకున్నాడు. ఒకప్పుడు ఓడితే యుద్ధం చేస్తాననే నాయకుణ్ణి చూసిన దేశం అది! 2013లో లైబీరియా సైనికులే శాంతి పరిరక్షణకు మాలి వెళ్లారు. 2026–27 కాలానికి ఆ దేశం భద్రతా మండలికి ఎన్నికైంది.

కథ సుఖాంతం అని మాత్రం చెప్పలేం. పేదరికం, లంచగొండితనం, ఉద్యోగాలు లేని యువత అలాగే ఉన్నాయి. యుద్ధ నేరాల విచారణకు ప్రత్యేక న్యాయస్థానం కోసం కార్యాలయం ఏర్పాటు చేస్తూ అధ్యక్షుడు సంతకం చేసింది 2024లో, అంటే యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్లకు.

ఇదే సాయం అందిన అన్ని దేశాలూ నిలబడలేదు. 1991లో సోమాలియా ప్రభుత్వం కూలింది. మన సైనికులతో సహా ఎన్నో దేశాల దళాలు వెళ్లాయి, 1995లో వెనక్కి వచ్చేశాయి, ముఠాలు మిగిలాయి. అఫ్ఘానిస్థాన్‌లో ఇరవై ఏళ్లు లెక్కలేనంత డబ్బు పోశారు. కాగితం మీద సుమారు మూడు లక్షల మంది భద్రతా సిబ్బంది. వారిలో చాలా పేర్లు జీతం కోసం రాసుకున్న ఉత్త పేర్లు. 2021 ఆగస్టు 15న కాబూల్ ఒక్క రోజులో చేతులు మారింది. రిజిస్టరులో లేని పిల్లల పేర్లు రాసి హాజరు నింపితే ఏమవుతుందో హాస్టల్‌లో పెరిగిన మనకు ఒకరు చెప్పక్కర్లేదు. లెక్కలో వంద మంది, పంక్తిలో డెబ్బై మంది. అక్కడ సైన్యానికి అదే జరిగింది.

మనకు మిగిలే పాఠం

మేము నలుగురం ఈ విషయం చాలా ఆదివారాలు వాదించుకున్నాం. బయటి సాయం దండగ అన్నవారు మాలో ఉన్నారు, అదే లేకపోతే లైబీరియా లేదు అన్నవారూ ఉన్నారు. చివరకు ఒక మాట దగ్గర అందరం కలిశాం. బయటివారు తుపాకీని ఆపగలరు, అప్పు కొట్టేయగలరు, ఖజానాకు కొన్నాళ్లు కాపలా కాయగలరు. "ఇది నీది కూడా" అని దేశంలోని ఆఖరి మనిషికి నమ్మకం కలిగించడం మాత్రం ఆ దేశం వారే చేయాలి. అది చేయకపోతే ఎంతమంది సైనికులు వచ్చినా గోడకు వేసిన సున్నమే, లోపలి పగులు పోదు.

ఈ ప్రమాదం డాక్టర్ అంబేద్కర్‌కు ముందే తెలుసు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన చివరి ప్రసంగంలో ఆయన హెచ్చరించింది ఇదే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంతో మనం గణతంత్రంలోకి అడుగుపెడుతున్నామని, దాన్ని త్వరగా తొలగించకపోతే అసమానతకు బలైనవారే ఈ కట్టడాన్ని కూల్చేస్తారని చెప్పారు. మన దేశంలో వయోజనులందరికీ మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే ఓటు వచ్చింది. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, సంక్షేమ హాస్టళ్లు ఆ వైరుధ్యాన్ని తగ్గించడానికి వేసిన అడుగులు. కాబట్టి మన పళ్లెంలో అన్నం ఎవరో వేసిన ధర్మం కాదు. దేశం గోడలో పగులు పూడ్చే పని అది. ఆ పని ఇంకా పూర్తి కాలేదని మనకంటే తెలిసినవారు ఎవరు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీలో కొందరు ట్రెజరీలో కూర్చుంటారు, కొందరు పోలీసు చొక్కా తొడుగుతారు, కొందరు ఇలాంటి హాస్టల్‌కే వార్డెన్‌గా వస్తారు. బిల్లు మీద సంతకం పెట్టే రోజున ఒక్క నిమిషం ఆ కిరాణా కొట్టును తలుచుకోండి. షావుకారు అరువిచ్చింది వార్డెన్ గారి ముఖం చూసి కాదు, మిమ్మల్ని చూసి. ఎక్కడో ఆఫీసులో ఒక మనిషి తన పని తాను చేస్తాడని ఆయన నమ్మాడు. ఆ మనిషి రేపు మీరే.

గుర్తుంచుకోవలసిన తేదీలు

1847 – లైబీరియా స్వాతంత్ర్య ప్రకటన
1979 – బియ్యం ధరపై అల్లర్లు
1980 – శామ్యూల్ డో తిరుగుబాటు
1989–1997, 1999–2003 – రెండు అంతర్యుద్ధాలు
2003 – అక్రా శాంతి ఒప్పందం, అన్‌మిల్ ఏర్పాటు
2005–2010 – గెమాప్
2007–2016 – భారత మహిళా పోలీసు దళం సేవలు
2014–2015 – ఎబోలా
2018 – అన్‌మిల్ ముగింపు

స్టడీ అవర్‌లో చర్చించండి

1. 1997 ఎన్నికలు లైబీరియాలో శాంతిని ఎందుకు తేలేకపోయాయి? 2005 ఎన్నికలకు, వాటికి తేడా ఏమిటి?
2. ఖజానాపై విదేశీ నిపుణుల సంతకం సార్వభౌమాధికారానికి భంగమా, రక్షణా? రెండు వైపులా వాదించండి.
3. వెస్ట్ పాయింట్ దిగ్బంధం ఎందుకు విఫలమైంది? మీ ఊళ్లో అలాంటి జబ్బు వస్తే ఎవరి మాట జనం ముందుగా నమ్ముతారు? ఎందుకు?
4. మీ హాస్టల్‌కు వచ్చే బియ్యం, బిల్లు, పుస్తకం ఏయే ఆఫీసుల మీదుగా వస్తాయో ఒక కాగితం మీద రాయండి. అందులో ఏ ఒక్కటి ఆగినా ఏమవుతుందో ఆలోచించండి.